ఎడమ మూల మునిలక్ష్మి

కబడ్డీలో మూలన నిలబడేవాళ్లు ఎదుటి మనిషి ముఖం చూడకూడదు, కాళ్లు చూడాలి. కూతకొచ్చినవాళ్లు ముఖంతో ఒకటి చెబుతారు, కాళ్లతో ఇంకొకటి చేస్తారు. ఈ కిటుకు మునిలక్ష్మికి ఏ శిక్షణ శిబిరంలోనూ ఎవరూ చెప్పలేదు. కురబలకోట దగ్గరి పల్లెలో వాళ్ల నాయన కొండప్ప గొర్రెల మందే ఆమెకు నేర్పింది.

మందు తాగించాలన్నా, ఉన్ని కత్తిరించాలన్నా ముందు గొర్రెను పట్టుకోవాలి కదా. మెడ పట్టుకుంటే విదిలించుకుని పోతుంది. ఉన్ని పట్టుకుంటే చేతికొచ్చేది ఉన్నే. వెనక కాలు, గిట్టకు కాస్త పైన, దొరకబుచ్చుకున్నారా, ఎంతటి పొట్టేలైనా బుద్ధిగా ఆగిపోతుంది. అందుకు మోకాళ్లు మడిచి నేలకు దిగిపోవాలి, ఊపిరి బిగబట్టి కాచుకోవాలి, కాలు అందే దూరానికి రాగానే చటుక్కున అందుకోవాలి. మునిలక్ష్మి పలకా బలపం పట్టకముందే ఈ విద్యలో ఆరితేరింది.

మదనపల్లెలో డిగ్రీలో చేరిన కొత్తలో, కాలేజీ మైదానంలో కబడ్డీ జట్టుకు ఎంపికలు జరుగుతుంటే ఊరికే చూద్దామని పోయింది. ఒక మనిషి తక్కువైందని వ్యాయామం సార్ అరుణ్ కుమార్ ఆమెను పిలిచి ఎడమ మూలన నిలబెట్టాడు. చున్నీ నడుముకు బిగించి నిలబడింది. అక్కడున్నవాళ్లలో గట్టి రైడర్ కూత పెడుతూ వచ్చింది. మరుక్షణం ఆ రైడర్ నేల మీద బోర్లా పడి ఉంది, ఆమె చీలమండ మునిలక్ష్మి గుప్పిట్లో ఉంది.

“యాడ నేర్సుకున్నావు మ్మా ఈ పట్టు?” అన్నాడు సార్, విజిల్ ఊదడం కూడా మర్చిపోయి.

“గొర్రెల కాడ సార్.”

అందరూ విరగబడి నవ్వారు. ఆ రైడర్ మాత్రం నవ్వలేదు. చీలమండ రుద్దుకుంటూ కూర్చుంది.

ఆ రోజు నుంచి ఎడమ మూల మునిలక్ష్మి సొంతమైపోయింది. మైదానంలో దిగితే ఆ పిల్లకు ఆకలి దప్పులు ఉండేవి కావు. మరుసటి ఏడాది కుప్పంలో జరగబోయే కాలేజీ జట్ల పోటీలకు సార్ ఆమె పేరు ముందే రాసి పెట్టుకున్నాడు. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి వాళ్లమ్మ హనుమక్కను ఎత్తి గిరగిరా తిప్పింది. “దించే నన్ను, నడుం ఇరుగుతాది!” అని హనుమక్క అరిచిన అరుపుకు దొడ్లో గొర్రెలు కూడా బెదిరాయి.

చలికాలం మొదట్లో, కాలేజీలో సాధన ఆటలోనే దెబ్బ తగిలింది. మునిలక్ష్మి ఎప్పటిలాగే చీలమండ పట్టింది. రైడర్ గీత వైపు దూకబోయింది. ఆపడానికి జట్టులోని ముగ్గురు ఒకేసారి మీద పడ్డారు. ఆ బరువంతా మునిలక్ష్మి ఎడమ మోకాలి మీద పక్కనుంచి పడింది. లోపల ఏదో టప్‌మంది. పాయింటు వచ్చిందని అందరూ గంతులేస్తుంటే ఆమె మాత్రం లేవలేదు.

మదనపల్లెలో డాక్టరు స్కానింగు తీయించి చూసి, ఎముకకు ఏమీ కాలేదని, మోకాలి లోపలి వైపు కట్టి ఉంచే పట్టీ సగం చినిగిందని చెప్పాడు. ఆపరేషన్ అక్కర్లేదు, కొద్ది రోజులు బెల్టు వేసుకుని, ఆ తర్వాత ఫిజియోథెరపీ చేయించుకుంటూ మెల్లమెల్లగా కాలు వంచడం మొదలుపెట్టాలని విడమరిచి చెప్పాడు. ఆయన చెప్పినదంతా మంచిదే. కానీ కొండప్ప చెవిలో ‘చినిగింది’ అన్న ఒక్క మాటే పడింది. దాని తర్వాత వచ్చినవేవీ లోపలికి పోలేదు.

కొండప్ప సంగతి కొంచెం చెప్పాలి. చుట్టుపక్కల పల్లెల్లో గొర్రెపిల్లకు గానీ, మేకపిల్లకు గానీ కాలు విరిగితే ఆయన దగ్గరికే ఎత్తుకొస్తారు. కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పూసి, సన్నటి వెదురు దబ్బలు పేర్చి, పాత చీర చింపి గుడ్డ చుట్టి కట్టాడంటే ఆ కాలు కదలదు. కట్టు విప్పేనాటికి విరిగిన జాడ కూడా ఉండదు. ఇందులో ఆయనకు గొప్ప పేరుంది, ఆ పేరంటే ఆయనకు మహా ప్రేమ. ఆ గొర్రెపిల్లలకు కట్టు కట్టేటప్పుడు అవి తన్నుకోకుండా పట్టుకునే పని చిన్నప్పటి నుంచీ మునిలక్ష్మిదే. కాబట్టి ఆస్పత్రి బెల్టును చిలక్కొయ్యకు తగిలించి, “ఇది రబ్బరు మాదిరి సాగతాండాది, దీంతో ఏమైతాది? నేను కడతా రా మ్మా” అని నాయన అన్నప్పుడు ఆ పిల్ల మారుమాట లేకుండా కాలు చాపింది.

ఏం కట్టు కట్టాడండీ! తొడ మధ్య నుంచి పిక్క కింద దాకా. ఊళ్లో ఆడవాళ్లు పనిగట్టుకుని వచ్చి చూసి మెచ్చుకుని పోయారు. హనుమక్క రోజూ పొట్టేలు కాళ్ల పులుసు కాచి పోసింది. మధ్యలో సార్ ఫోన్ చేసి ఫిజియోథెరపీకి పోతున్నావా అంటే, “నాయన చూసుకుంటాండాడు సార్” అంది మునిలక్ష్మి ధీమాగా. సంక్రాంతి కూడా పోయింది. అప్పుడు విప్పాడు కొండప్ప.

తొడ ముంజేయంత సన్నబడింది. దాన్నైనా ఓర్చుకోవచ్చు. మోకాలు వంగలేదు. మునిలక్ష్మి పళ్లు బిగించి ప్రయత్నించింది, కొండప్ప వేణ్ణీళ్లు పోసి రుద్దాడు, హనుమక్క వేడి నూనె రాసింది. కాలు మాత్రం చాపింది చాపినట్టే ఉంది. మూలన నిలబడేవాళ్లు మోకాలు మడవలేకపోతే ఇక ఆడేదేముంది? మునిలక్ష్మి ఏడ్చింది. గట్టిగా, ఇంటి గోడలు దద్దరిల్లేలా ఏడ్చింది. కొండప్ప వసారాలో కూర్చుని ఆ రోజు మందను తోలుకుపోవడమే మర్చిపోయాడు.

సంగతి తెలిసి సార్ అరుణ్ కుమార్ తలపట్టుకున్నాడు. తర్వాత పుంగనూరులో యాస్మిన్ దగ్గరికి పొమ్మని చెప్పాడు. యాస్మిన్ అదే కాలేజీలో ఒకప్పుడు ఖోఖో ఆడిన పిల్ల. ఫిజియోథెరపీ చదువుకుని, పుంగనూరు బజారులో వాళ్ల నాన్న హఫీజ్ పరుపుల అంగడి మీద మేడగదిలో వైద్యం చేస్తోంది. కింద దూది ఎగురుతుంటుంది, పైన రోగులు మూలుగుతుంటారు.

యాస్మిన్ కాలు పట్టి చూసి కళ్లు పెద్దవి చేసింది.

“యా అల్లా! ఇది కాలా అమ్మా, పార కట్టెనా? ఎవురు కట్టినారు?”

“నేనే కట్టినానమ్మా,” అన్నాడు కొండప్ప. అంత దిగుల్లోనూ గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది. “ఒక్క ఎముక కదిలింటే అడుగు.”

“ఎముకకు ఏమైందని కదలాలప్పా? అది ఇరిగిందా? లోపల పట్టీ చినిగింది. దాన్ని రోజూ కొంచెం కొంచెం వంచతా ఉండాల. మీరు బిగదీసి మోకాలిని నిద్రపుచ్చినారు.”

కొండప్ప ముఖం మాడిపోయింది. మునిలక్ష్మికి నాయన మీద జాలీ కోపమూ రెండూ ఒకేసారి పొంగుకొచ్చాయి. కోపాన్ని మింగేసి అసలు మాట అడిగింది.

“వంగుతాదా అక్కా? నేను కుప్పంలో ఆడాల.”

“నేను వంచతా. నువ్వు ఏడ్సినా వంచతా. నన్ను ఎన్ని తిట్లయినా తిట్టుకో, ఉర్దూలో మాత్రం తిట్టొద్దు, కింద మా అబ్బాకు వినిపిస్తాది. కుప్పం తర్వాత. ముందు బస్సులో నీ కాలు నీ సీట్లో పెట్టుకుని పో.”

ఆ మాట నిజం. మదనపల్లె నుంచి పుంగనూరు బస్సులో మునిలక్ష్మి కూర్చుంటే ఆ కాలు దారికి అడ్డంగా గుంజలా చాచుకుని ఉండేది. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ దాన్ని దాటుకుంటూ పోవాల్సి వచ్చేది. కండక్టరు రోజూ తట్టుకునేవాడు, రోజూ “ఏం కాలమ్మా అది!” అనేవాడు.

పని మొదలైంది. వెల్లకిలా పడుకుని మడమ కింద గుడ్డ వేసుకుని నున్నటి గచ్చు మీద కాలు దగ్గరికి లాక్కోవడం. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి తొడ బిగించడం. ఇవి ఎలాగో చేసేది. బోర్లా పడుకోబెట్టి యాస్మిన్ చీలమండ పట్టుకుని వెనక్కి వంచేటప్పుడు మాత్రం ప్రాణం పోయినట్టుండేది. ఒకరోజు మునిలక్ష్మి పెట్టిన కేకకు కింద హఫీజ్‌తో టీ తాగుతున్న కొండప్ప గ్లాసు పారేసి మెట్లెక్కి పరుగెత్తుకొచ్చాడు. వచ్చినవాడు వచ్చినట్టే యాస్మిన్ చెయ్యి పట్టుకున్నాడు.

“ఇడ్సమ్మా! నా బిడ్డను ఇడ్సు! ఆట వద్దు, గీట వద్దు!”

యాస్మిన్‌కు కోపం రాలేదు. స్టూలు లాగి కూర్చోమంది.

“అప్పా, గొర్రెపిల్లకు కట్టు ఇప్పినాక ఏం చేస్తారు?”

“ఏం చేసేదుండాది? మందలోకి ఇడ్సేస్తా.”

“కుంటతాంటే మళ్లీ కట్టేస్తారా?”

“యాల కట్టేది? తల్లి మేతకు పోతా ఉంటే పిల్ల ఈడ నిలబడతాదా? కుంటతానే ఎంట పడి పోతాది. అట్లా పోతా పోతా అదే…”

కొండప్ప ఆగిపోయాడు. తన నోటి వెంట వచ్చిన మాట తనకే అప్పుడు వినబడింది. కట్టు వల్ల ఎముక అతుక్కుందే గానీ, కాలు బాగుపడింది మాత్రం మంద వెంట పడి పరుగెత్తడం వల్ల. ఇన్నేళ్లుగా కళ్లముందే జరుగుతున్నది ఆయన ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు.

“కానీమ్మా, వంచు,” అన్నాడు. తల గోడ వైపు తిప్పుకున్నాడు గానీ గదిలోంచి కదల్లేదు.

ఆ మర్నాటి నుంచి మునిలక్ష్మికి ఇద్దరు యాస్మిన్‌లు తయారయ్యారు. పుంగనూరులో ఉన్నావిడే నయం. ఇంట్లో ఉన్న ఆయన తెల్లవారగానే “లే మ్మే, మంద కదిలింది!” అని దుప్పటి లాగేసేవాడు. మొదట్లో చదును నేల మీద, తర్వాత గట్ల మీద, ఆ తర్వాత గుట్టవాలులో గొర్రెల వెనక నడిపించాడు. రాగులు నింపి సంచి కుట్టి చీలమండకు కట్టించి కాలు ఎత్తించాడు. “మీ అక్క పది సార్లన్నాది, ఇంగో రెండు సార్లు ఎత్తు, ఏమైతాది?” అనేవాడు. “తినే రాగుల్ని కాలికి కట్టినారు, తండ్రీబిడ్డలకు పిచ్చి పట్టింది” అని హనుమక్క సణిగేది. సణుగుతూనే సంచి చినిగితే కుట్టేది.

మామిడికాయలు బజారుకొచ్చే రోజుల్లో ఒక పొద్దున పుంగనూరు బస్సులో కండక్టరు టిక్కెట్లు కొడుతూ మునిలక్ష్మి సీటు దాటి ముందుకు పోయాడు. నాలుగడుగులు వేశాక ఏదో తక్కువైనట్టు ఆగి వెనక్కి తిరిగి చూశాడు. ఆమె కాలు ఆమె సీట్లోనే ఉంది. మోకాలు చక్కగా మడిచి, ముందు సీటు కమ్మీ కింద బుద్ధిగా పెట్టుకుని ఉంది.

“కాలు యాడ పోయింది మ్మా?” అన్నాడాయన.

“ఇంటికొచ్చేసిందన్నా!” అని మునిలక్ష్మి అరిచింది. బస్సంతా నవ్వింది. ఆ పిల్లకు ఆ క్షణంలో బస్సు దిగి పుంగనూరు దాకా పరుగెత్తాలనిపించింది.

వానలు పడేసరికి ఒంటికాలి మీద గెంతింది, పక్కలకు ఉరికింది, గొంతుక్కూర్చుని లేచింది. కాలేజీలో మళ్లీ ఎడమ మూలన నిలబడింది. రైడర్ వచ్చింది. చీలమండ చేతికి అందేంత దగ్గరికొచ్చింది. మునిలక్ష్మి మోకాళ్లు వంచింది, దిగింది. చెయ్యి మాత్రం పోలేదు. మళ్లీ వచ్చింది, మళ్లీ పోలేదు. సార్ కుప్పం జట్టు గురించి మాట్లాడటం మానేశాడు, అది చాలదా?

యాస్మిన్ మోకాలు ముందుకీ వెనక్కీ తిప్పి, రెండు తొడలూ కొలిచి పెదవి విరిచింది.

“మోకాలు వచ్చేసింది మ్మా. నువ్వే ఇంకా రాలేదు. దేనికి భయం? పట్టేదానికా?”

“పట్టేదానికి కాదక్కా,” అంది మునిలక్ష్మి. “పట్టినాక మీద పడతారే, దానికి.”

యాస్మిన్ కిటికీలోంచి కింద అంగడి వైపు చూసింది. తర్వాత మెట్ల దగ్గరికి పోయి గట్టిగా పిలిచింది. “అబ్బా! మెత్తటి పరుపులు ఎన్ని ఉండాయి?”

ఆ మధ్యాహ్నం హఫీజ్ అంగడి వెనక పెరట్లో జరిగింది చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. కొత్త పరుపులు నేలంతా పరిచారు. మునిలక్ష్మి వాటి మీద గొంతుక్కూర్చుంది. యాస్మిన్ కొంగు దోపి, కూత పెడుతూ వచ్చింది. మునిలక్ష్మి తన చీలమండ పట్టగానే, “వెయ్యండి!” అని కేకపెట్టింది. హఫీజ్ ఒక దూది పరుపు తెచ్చి మునిలక్ష్మి మీద పడేశాడు. ఆమె బిక్కచచ్చిపోయి చెయ్యి వదిలేసింది. మళ్లీ పట్టమన్నారు. ఈసారి రెండు పరుపులు. తర్వాత పరుపు మీద యాస్మిన్ కూడా పడింది. మోకాలు మడత పడుతోంది, విచ్చుకుంటోంది, ఏమీ కావడం లేదు. మునిలక్ష్మి చెయ్యి వదలడం మానేసింది. పరుపుల కింద నుంచి నవ్వు వినబడింది.

“ఇంగ మనుషులే పడాల,” అంది యాస్మిన్ ఆయాసపడుతూ. “అప్పా, మీరు పడండి.”

కొండప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. “నేనా? నా బిడ్డ మీదనా? నా వల్ల కాదమ్మా.”

“పడు నాయనా!” లోపల నుంచి మునిలక్ష్మి అరిచింది. “నువ్వు పడినా ఏమీ కాదు. సూడు కావాలంటే!”

కొండప్ప తలగుడ్డ తీసి పక్కన పెట్టాడు. కళ్లు గట్టిగా మూసుకున్నాడు. వేంకటేశ్వరస్వామిని తలుచుకుని ధబ్బున పడ్డాడు. దూది మేఘంలా లేచింది. కళ్లు తెరిచి చూస్తే కూతురు ఆయన కిందే ఉంది, ముఖమంతా దూదితో, యాస్మిన్ చీలమండను రెండు చేతులతో పట్టుకుని, పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ.

కుప్పంలో ఆట చూడటానికి జనం విరగబడ్డారు. సరిహద్దు ఊరు కాబట్టి తెలుగు, తమిళం, కన్నడం మూడు భాషల్లోనూ అరుపులు. ఫైనల్లో ఎదురు కుప్పం జట్టే. వాళ్ల రైడర్ సుమలత పొడగరి, ఒక్క అంగలో సగం మైదానం దాటేస్తుంది. సార్ మునిలక్ష్మిని జట్టులోకైతే తీసుకున్నాడు గానీ, మొదటి సగమంతా బయటే కూర్చోబెట్టాడు. రెండో సగంలో ఎడమ మూల పిల్ల అలిసిపోయి తూలుతుంటే, జట్టుతో పాటు వచ్చిన యాస్మిన్ వైపు చూశాడు. యాస్మిన్ తల ఊపింది. మునిలక్ష్మి మ్యాట్ మీద కాలు పెట్టింది.

సుమలత రాగానే మునిలక్ష్మి ఎడమ మోకాలికున్న తొడుగు చూసింది. దెబ్బతిన్న కాలు ఎక్కడుందో రైడర్లకు ఒకరు చెప్పక్కర్లేదు. నేరుగా ఎడమ మూలకొచ్చింది. మునిలక్ష్మి ఒక్క క్షణం తటపటాయించింది. ఆ ఒక్క క్షణమే చాలింది సుమలతకు, భుజం తాకి వెళ్లిపోయింది. కుప్పం రెండు పాయింట్లు ముందుంది. మునిలక్ష్మి బయటికొచ్చి కూర్చుంది. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది.

“మనుషులే కదా మ్మా పడేది!” జనంలోంచి కొండప్ప గొంతు చించుకున్నాడు. పక్కవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. మునిలక్ష్మికి అర్థమై ఏడుపులో నవ్వొచ్చింది.

మదనపల్లె రైడర్ ఒకేసారి ఇద్దరిని తాకి వచ్చింది. లెక్క సమం. తాకినందుకు మునిలక్ష్మి మళ్లీ లోపలికొచ్చింది. కాసేపటికి సుమలత కూడా మళ్లీ కూతకొచ్చింది, మళ్లీ అదే మూలకు. కుడికాలు లోపలికి చాచింది. మునిలక్ష్మి ముఖం చూడలేదు, జనాన్ని చూడలేదు. ఎడమ మోకాలు మడిచి నేలకు దిగి రెండు చేతులా చీలమండ అందుకుంది. సుమలత గీత వైపు ఎగిరింది. మదనపల్లె పిల్లలు నలుగురూ వచ్చి మీద పడ్డారు. జనం ఒక్కసారిగా లేచి నిలబడ్డారు.

ఒకరి తర్వాత ఒకరు లేచారు. అందరికన్నా అడుగున మునిలక్ష్మి ఉంది. ఆమె చేతులు ఇంకా బిగుసుకునే ఉన్నాయి. రిఫరీ వంగి, “వదులు తల్లీ, పాయింట్ మీదే” అన్నాడు. ఆమె వదిలింది. ఎడమకాలి మీద బరువు మోపి లేచి నిలబడింది. కాలు ఒకసారి విదిలించింది. నొప్పి లేదు. నొప్పి లేదన్న సంగతి తల నుంచి కాళ్ల దాకా తెలిసొచ్చి ఒళ్లంతా జలదరించింది.

ఒక్క పాయింటు ఆధిక్యం. మదనపల్లె వాళ్లు కూతకు వెళ్లి ఊరికే తిరిగొచ్చారు. మిగిలింది కుప్పం వాళ్ల ఆఖరి కూత. సుమలత బయటుంది కాబట్టి పొట్టిగా, చురుగ్గా ఉన్న ఇంకో అమ్మాయి వచ్చింది. ఒక్క తాకుడు చాలు లెక్క సమం కావడానికి. ఆ అమ్మాయి గీత దాటి ఎడమ మూల వైపు చూసింది. మోకాలి తొడుగు చూసింది. మడతపడి నేలకు దిగి ఉన్న ఆ మోకాలిని చూసింది. ఒక అడుగు వేయబోయి ఆగింది. కుడివైపుకు తిరిగింది. అక్కడ ఎవరూ అందలేదు. మళ్లీ మధ్యకొచ్చింది. మళ్లీ కుడివైపుకే పోయింది.

“రాయే!” మునిలక్ష్మి చేతులు చాపి పిలుస్తోంది. ఒళ్లంతా చెమట, కళ్లలో నీళ్లు, నోటి నిండా నవ్వు. “ఈడికి రాయే, ఒక్కసారి రా!”

ఆఖరి విజిల్ మోగేదాకా ఆ అమ్మాయి ఆ మూలకు రాలేదు.